వైశాఖపు పూలు, కత్తెర పెట్టే వేళ

చైత్రం గడిచి వైశాఖం వచ్చిందంటే మన పెరళ్ళలో రెండు పనులు ఒకేసారి మొదలవుతాయి. ఒకటి పూలు కోయడం. రెండోది కత్తెర పట్టుకుని పొదల చుట్టూ తిరగడం. మొదటి పనికి ఎవరి సలహా అక్కర్లేదు. నేను మాట్లాడదలచుకున్నది రెండోదాని గురించి. వేసవి సెలవులు, ఇంట్లో నలుగురూ తీరికగా ఉంటారు, ఎండకు ఆకులు రాలి వాకిలంతా చెత్తగా కనిపిస్తుంది. దాంతో పొదలన్నీ ఒక్క రోజులో "శుభ్రం" చేయించేద్దామని బుద్ధి పుడుతుంది. కూలి మనిషిని పిలిచి, గోడ వెంట ఉన్నవన్నీ ఒకే ఎత్తుకు కొట్టించేస్తాం. ఆ శుభ్రానికి కొన్ని మొక్కలు ఏమీ అనుకోవు. కొన్ని మాత్రం ఏడాదిపాటు పువ్వు చూపించవు.

మరి ఏది ఎప్పుడు కోయాలి? దీనికి ఒక్క నెల పేరు చెప్పి ఊరుకుంటే మన శ్రోతలకు సరిపోదు. మీలో కొందరు హోసూరు, కృష్ణగిరి వైపు ఉన్నారు. కొందరు బళ్ళారిలో, కొందరు బరంపురం, రాయగడల్లో, షోలాపురంలో, యానాంలో ఉన్నారు. పంచాంగం అందరికీ ఒకటే అయినా వాన ఒకటి కాదు. షోలాపురానికి, బరంపురానికి జూన్‌లో నైరుతి రుతుపవనాలతో వానాకాలం మొదలవుతుంది. మద్రాసు చుట్టుపక్కల పెద్ద వాన అక్టోబరు తర్వాతే. బెంగళూరు, హోసూరు పీఠభూమి మీద ఏప్రిల్, మే నెలల్లోనే మామిడి జల్లులు పడి, సెప్టెంబరు, అక్టోబరుల్లో మళ్ళీ గట్టిగా కురుస్తుంది. కత్తెర వేళను నిర్ణయించేది నెల పేరు కన్నా ఈ వానే. వాన కంటే ముందు తెలుసుకోవలసింది ఇంకొకటి ఉంది. మీ మొక్క పువ్వు ఎక్కడ పూస్తోంది? ఈ ఏడు వేసిన లేత చిగురు మీదా, పోయినేటి ముదురు కొమ్మ మీదా? ఇది తెలిస్తే సగం తోటపని తెలిసినట్టే. తెలుసుకోవడం కష్టమూ కాదు. ఇప్పుడే పెరట్లోకి వెళ్ళి ఒక పూల కొమ్మను చేత్తో పట్టుకుని చూడండి. మొగ్గ ఉన్న భాగం పచ్చగా, వేలితో వంచితే వంగేలా ఉంటే అది కొత్త చిగురు. బెరడు కట్టి, గోధుమ రంగులో, గట్టిగా ఉంటే పాత కొమ్మ.

ముందు మల్లెతో మొదలుపెడదాం. వైశాఖమంటే మల్లె మాసమే కదా! తమిళులు గుండుమల్లి అన్నా, కన్నడిగులు దుండు మల్లిగె అన్నా, మరాఠీవారు మోగరా అన్నా అన్నీ ఒకటే మొక్క. బెంగళూరులో చైత్ర పున్నమి నాడు ధర్మరాయస్వామి గుడి నుంచి కరగ బయలుదేరినప్పుడు, ఆ కరగను కప్పేదీ, దారి పొడుగునా జనం దానిమీద చల్లేదీ ఈ మల్లెలే. ఆ ఉత్సవం జరిపే తిగళులు తరతరాలుగా తోటపని చేసినవారు. పువ్వు ఎప్పుడు రావాలో, దానికోసం కొమ్మ ఎప్పుడు పోవాలో వారికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

మల్లె పూర్తిగా కొత్త చిగురు మీద పూసే మొక్క. చిగురు కొసన మూడేసి మొగ్గలు గుత్తిగా వస్తాయి. నడిమిది ముందు విచ్చుతుంది, పక్కవి తర్వాత. అంటే ఎన్ని కొత్త చిగుళ్ళు వస్తే అన్ని గుత్తులు. కొత్త చిగుళ్ళు రావాలంటే పాత కొమ్మ తగ్గాలి. అందుకే మల్లెకు గట్టి కత్తిరింపు తప్పదు. అయితే దానికి వేళ ఇప్పుడు కాదు, చలికాలం. కోయంబత్తూరులోని తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం గుండుమల్లికి నవంబరు చివరి వారం చెబుతోంది. నేల నుంచి 50 సెంటీమీటర్లు, అంటే సుమారు మూరెడు ఎత్తు ఉంచి మిగతాది కోసేయాలి. తమిళంలో పిచ్చిపూవు అనే జాజికి డిసెంబరు చివర, ముల్లైకి జనవరి చివర. మన ఆంధ్ర రైతులు ఇంకో పని కూడా చేస్తారు. కత్తిరింపుకు ముందు కొన్నాళ్ళు నీరు ఆపేసి తోటను ఎండగడతారు. ఆకు రాలుతుంది. రాలనిదాన్ని గొర్రెల మందను తోలి మేపిస్తారు. అప్పుడు కొమ్మలు కోసి, పాదు తవ్వి, పశువుల ఎరువు వేసి, మళ్ళీ నీరు పెడతారు. నిద్ర లేచినట్టు మొక్క ఒక్కసారిగా చిగురిస్తుంది. మార్చి వచ్చేసరికి మొగ్గ.

"మా మల్లె ఏపుగా పెరిగింది, పువ్వు మాత్రం లేదు" అన్న మాట చాలామంది నోట వినిపిస్తుంది. అలాంటి పొదలు మూడు రకాలు. కొన్ని రోజుకు అయిదారు గంటల ఎండయినా తగలని చోట, మేడ నీడలో ఉంటాయి. కొన్నింటికి యూరియా ఎక్కువై, బలమంతా ఆకుకు పోతుంది. ఇక ఎక్కువ భాగం, చలికాలంలో కత్తెరా చూడనివి, నీటి ఎద్దడీ చూడనివి. ఏడాది పొడుగునా బియ్యం కడిగిన నీళ్ళు, గిన్నెలు కడిగిన నీళ్ళు పోస్తూ ఉంటాం. మొక్కకు ఆకు రాల్చే అవసరమే రాదు. ప్రేమ ఎక్కువై పూయని మొక్క అది. కార్తీకం దాటాక మూడు నాలుగు వారాలు ఆ నీళ్ళను వేరే మొక్కకు మళ్ళించండి, చాలు.

అయితే ఇప్పుడు, పూలు విరగబూసే వైశాఖంలో, మల్లెకు కత్తెర అసలే వద్దా? వద్దనను. గట్టి కత్తిరింపు వద్దు. గుత్తిలోని చివరి పువ్వు కోశాక ఆ చిగురు కొసను, రెండు మూడు జతల ఆకులు ఉంచి, గోటితో తుంచండి. ఆ ఆకుల మొదళ్ళలోంచి పక్క చిగుళ్ళు వస్తాయి. వాటి కొసన మళ్ళీ మొగ్గ. ఇలా తుంచుతూ పోతే ఒక విడత ఆగి ఇంకొక విడత, ఆషాఢం దాకా పూలు అందుతాయి. లేత ఆకులు ఈనెలు మాత్రం పచ్చగా ఉండి మధ్యలో పసుపెక్కితే అది ఇనుప ధాతువు లోపం. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది కలిపి చల్లపూట చల్లాలి. మొగ్గకు రంధ్రం పడి, ఊదా రంగు తిరిగి, పక్క మొగ్గలతో గూడు కట్టినట్టు ఉంటే లోపల మొగ్గ తొలిచే పురుగు ఉన్నట్టు. మందుల దుకాణానికి పరుగెత్తే ముందు ఆ మొగ్గలను ఏరి పారేయండి. ఇంటి పొదకు చాలావరకు అదే సరిపోతుంది.

ఇక్కడ పూలు అమ్ముకుని బతికేవారితో ఒక మాట. పెరటి మల్లె సంగతి వేరు, పది సెంట్ల మల్లెతోట మీద ఇల్లు గడవడం వేరు. హోసూరు, కృష్ణగిరి పల్లెల్లోనూ, ధర్మపురి వైపునా ఇలాంటి కుటుంబాలు ఎన్నో. వారికి నవంబరు కత్తిరింపు చెప్పినంత తేలిక కాదు. వైశాఖంలో పువ్వు కుప్పలు తెప్పలుగా వచ్చి ధర పడిపోతుంది. చలికాలంలో పువ్వు ఉండదు, ధర ఆకాశానికి పోతుంది. సంక్రాంతి ముందు మల్లె కిలో వేల రూపాయలు పలికిన ఏళ్ళు ఉన్నాయి. సరిగ్గా ఆ ధర రాబోతున్న వేళ "పొదను మూరెడు ఎత్తుకు కోసేయండి" అంటే ఏ ఇల్లాలి చేయి ఆడుతుంది? పొదను కోయకుండా వదిలి, మంచులో పూసే ఆ నాలుగు గుప్పెళ్ళ పువ్వును అమ్ముకోవాలనిపిస్తుంది. ఆ ఆశను తప్పు పట్టను. కాని కోయకుండా వదిలిన తోట మార్చిలో చిగురు తక్కువ వేస్తుంది, మొగ్గ చిన్నదవుతుంది, రెండో ఏటికి పొద లోపలంతా ఎండు పుల్లే. పండుగ వారంలో వచ్చిన సొమ్ము, పెళ్ళిళ్ళ కాలంలో పోయిన సొమ్ముతో తూచి చూసుకోవాలి.

నా ఉద్దేశంలో దీనికి మధ్యేమార్గం ఉంది. తోటనంతా ఒకేసారి కోయకండి. మూడు మడులుగా చేయండి. ఒక మడిని నవంబరు చివర, రెండోదాన్ని డిసెంబరు చివర, మూడోదాన్ని సంక్రాంతి దాటాక కోయండి. మూడో మడి పండుగకు ఎంతో కొంత పూస్తుంది. మొదటి మడి అందరికంటే ముందు మొగ్గ తొడుగుతుంది. వైశాఖంలో పువ్వంతా ఒకే వారంలో వచ్చి బజారులో పారబోసే గతి కొంతైనా తప్పుతుంది. మరుసటి ఏడు మడుల వరస మార్చుకోండి.

మల్లెలాగే కొత్త చిగురు మీద పూసేది కాగితం పువ్వు. దీని గురించి యానాం శ్రోతలకు ఒక ముచ్చట చెప్పాలి. కాగితం పువ్వును మనం బోగన్‌విల్లా అంటాం కదా, ఆ పేరు ఒక ఫ్రెంచి నావికుడిది. లూయీ ఆంత్వాన్ ద బూగెన్‌విల్ 1766 నుంచి 1769 వరకు ఓడల మీద భూమి చుట్టి వచ్చాడు. ఆయన వెంట వెళ్ళిన కొమ్మెర్సన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు బ్రెజిల్ తీరంలో ఈ మొక్కను సేకరించి దొరగారి పేరు పెట్టాడు. కొమ్మెర్సన్‌కు సహాయకురాలిగా జాన్ బారే అనే ఆవిడ మగవేషంలో ఓడ ఎక్కింది. ఓడల్లో ఆడవారిని రానిచ్చేవారు కారు మరి. భూమిని చుట్టి వచ్చిన తొలి మహిళ ఆమే అంటారు. 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న యానాంలో గోడల మీద ఈ పువ్వు కనిపిస్తే, మొక్క బ్రెజిల్‌దీ పేరు ఫ్రాన్సుదీ అని మీ పిల్లలకు చెప్పవచ్చు. నిజానికి మనం పువ్వు అనుకునే ఆ రంగు రేకులు పువ్వు కావు, రంగు తిరిగిన ఆకులు. వాటి నడుమ తెల్లగా, సన్నని గొట్టంలా ఉన్నదే అసలు పువ్వు.

కాగితం పువ్వుకు ఎండ కావాలి, నీటి ఎద్దడి కావాలి. వేసవిలో నీరు తగ్గిస్తేనే రంగు. ఇప్పుడు విరగబూసి ఉన్నదాన్ని కదల్చకండి. రంగు రేకులు రాలిపోయాక, తొలకరి పడ్డాక, పొడుగ్గా సాగిన తీగలను మూడో వంతుకు తగ్గించండి. యానాం, బరంపురం వంటి తీరపు ఊళ్ళలో జూన్ చివర దీనికి అనువు. ముళ్ళు మాత్రం జాగ్రత్త. గోనెసంచి ముక్క చేతికి చుట్టుకోండి.

మందారం ఇంకా మంచిది, ఏ కాలంలో కోసినా క్షమిస్తుంది. కాని అది కూడా కొత్త చిగురు మీదే పూస్తుంది కదా, ప్రతి పదిహేను రోజులకూ గోడలా చదునుగా కొట్టించే చోట పువ్వు ఎలా వస్తుంది? బెంగళూరు అపార్టుమెంట్లలో మందారం కంచెలు చూస్తుంటాను. పచ్చని గోడలు, ఒక్క పువ్వు ఉండదు. పూజకు పువ్వులు బజారులో కొంటారు. మందారాన్ని ఏడాదికి ఒకసారి, చలి విడిచే ఫిబ్రవరిలో గట్టిగా కోసి, మిగతా రోజులు దాని దారిన దాన్ని వదిలేయండి. అది చాలు.

గులాబీకి మైదానాల్లో వానలు తగ్గాక అక్టోబరులో కత్తిరింపు. బెంగళూరు, హోసూరు సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉండి చల్లగా ఉంటాయి కాబట్టి అక్కడ జూన్‌లో ఒకసారి, అక్టోబరు, నవంబరుల్లో ఒకసారి కోస్తారు. కోసిన ఆరేడు వారాలకు పువ్వు. హోసూరు రైతులు ఫిబ్రవరి 14 బజారుకు పువ్వు అందించడానికి డిసెంబరు నడుమనే లెక్క పెట్టుకుని కొమ్మలు కోసేది అందుకే. మీ ఇంటి గులాబీకి ఇప్పుడు చేయవలసింది వాడిన పువ్వు తీయడమే. పువ్వును మెడ దగ్గర తుంచకుండా, కిందికి వచ్చి, అయిదు రెబ్బల ఆకు కనిపించిన చోట కోయండి. అంటు కింద నుంచి, వేరు దగ్గర నుంచి వచ్చే పిలకను మాత్రం ఏ నెలలోనైనా పీకేయాలి. ఏడు రెబ్బల ఆకు ఉంటే అడవి కొమ్మ అని కొందరు చెబుతారు. ఆ లెక్క నమ్మకండి, మంచి గులాబీలకూ ఏడు రెబ్బలు వస్తాయి. కొమ్మ ఎక్కడ నుంచి లేచిందో వంగి చూడటమే సరైన గుర్తు.

ఇక రెండో జాతి, పాత కొమ్మ మీద పూసేవి. ఒడిశాలో ఇంటింటా ఉండే గంధరాజం దీనికి మంచి ఉదాహరణ. బెంగళూరులో "నిన్న, నేడు, రేపు" అని పిలిచే బ్రున్‌ఫెల్సియా కూడా అంతే. మొదటి రోజు ఊదా, మర్నాడు లేత రంగు, మూడోనాటికి తెలుపు. ఇవి వేసవి ముందు పూయడానికి కావలసిన కొమ్మను అంతకు ముందు నెలల్లోనే తయారు చేసుకుంటాయి. మల్లెతో పాటే వీటినీ చలికాలంలో కోసేస్తే, ఉన్న మొగ్గల్ని మన చేత్తో మనమే కోసినట్టు. వీటికి వేళ సరిగ్గా ఇదే. పువ్వు అయిపోయిన వెంటనే, మే నెల చివర గాని, జూన్ మొదట గాని, పూసిన కొమ్మలను కొద్దిగా తగ్గించండి. వానాకాలమంతా కొత్త కొమ్మ పెరిగి, ముదిరి, వచ్చే వసంతానికి సిద్ధంగా ఉంటుంది. ఆలస్యం చేసి శ్రావణ భాద్రపదాల్లో కోస్తే మళ్ళీ నష్టమే. దేవగన్నేరు కొమ్మ కొసనే పూస్తుంది. కొసలు కొట్టేస్తే ఆ ఏటికి పువ్వు పోయినట్టే. దాని కొమ్మను నాటాలనుకుంటే పాలు ఆరేదాకా వారం రోజులు నీడన పడేసి తర్వాత గుచ్చండి.

మేలో తొలి జల్లుకు ఎర్రని బంతిలా లేచే లిల్లీ ఒకటుంది, దాన్ని మే పువ్వు అంటారు. అది దుంప జాతి. పువ్వు వాడాక కాడ తీసేయండి కాని ఆకు కోయకండి. వచ్చే ఏటి పువ్వుకు దుంపలో కూడు నింపేది ఆ ఆకే.

మండుటెండలో గట్టి కత్తిరింపు ఎందుకు వద్దంటున్నానో కూడా చెప్పాలి. ఇన్నాళ్ళూ ఆకు నీడన ఉన్న బెరడు ఒక్కసారిగా ఎండకు పడి మాడుతుంది, పగులుతుంది. వచ్చిన లేత చిగురు వడగాలికి నల్లబడుతుంది. దాన్ని నిలబెట్టడానికి మామూలు కంటే ఎక్కువ నీరు పోయాలి. మే నెలలో బళ్ళారిలో, షోలాపురంలో ఆ నీరు ఎక్కడ నుంచి తెస్తారు? అలాగని జోరు వానలోనూ కోయకూడదు. తడి గాయంలో బూజు చేరి కొమ్మ కొస నుంచి కిందికి ఎండుతూ వస్తుంది. గులాబీకి ఇది మరీ ఎక్కువ. రెండు జల్లుల నడుమ పొడిగా ఉన్న రోజు చూసుకోండి. బొటనవేలి లావు గాయాలకు బోర్డో పేస్టు పూయండి.

కత్తెర పదునుగా ఉండాలి. నర్సరీ వారి దగ్గర సికేచర్ అని అడిగితే ఇస్తారు. యానాంవారు కడియం వెళ్ళినప్పుడు మొక్కలతో పాటు అదీ తెచ్చుకోవచ్చు. మొద్దు కత్తితో నరికితే కొమ్మ చీలి, ఆ చీలికలో నీరు నిలుస్తుంది. బయటి వైపుకు చూస్తున్న కన్ను ఒకటి చూసుకుని, దానికి అర సెంటీమీటరు పైన ఏటవాలుగా కోయండి. అప్పుడు చిగురు బయటికి పోయి, పొద లోపల గాలి ఆడుతుంది. ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు వెళ్ళేముందు స్పిరిటు గుడ్డతో అలుగులు తుడవండి. అన్నిటికంటే ముందు ఎండు పుల్లలు, ఒకదానికొకటి రాసుకునే కొమ్మలు తీసేయండి. చాలాసార్లు ఆ తర్వాత తీయడానికి పెద్దగా ఏమీ మిగలదు.

కత్తెర పెట్టేముందు పొదను చేత్తో విడదీసి లోపలికి చూడండి. ఇవి పిట్టలు గూళ్ళు పెట్టే రోజులు. పిగిలిపిట్ట పొద నడిమి కొమ్మల మీద గిన్నెలాంటి గూడు కడుతుంది. తేనెపిట్ట గూడు కొమ్మ కొసన వేలాడుతూ, చెత్త చిక్కుకున్నట్టు కనిపిస్తుంది కాబట్టి తొందరలో లాగేస్తాం. మందారం ఆకులను దారంతో కుట్టినట్టు ఉంటే అది దర్జీ పిట్ట ఇల్లు. గుడ్లో పిల్లలో ఉంటే పిల్లలు ఎగిరిపోయేదాకా ఆ కొమ్మను వదిలేయండి. కూలి మనిషితో పని చేయిస్తే ఈ మాట ముందే చెప్పాలి. కోసి కుప్ప వేశాక చెప్పి లాభం లేదు.

కోసిన కొమ్మల సంగతి. మల్లె ఆకు గొర్రెలు తింటాయని ఇందాక చెప్పాను కదా, అదే ధైర్యంతో గన్నేరు కొమ్మలను వీధిలో పడేయకండి. గన్నేరులో ఆకు, పువ్వు, పుల్ల అంతా విషమే. ఎండినా విషం పోదు. పశువు నోటికి అందనిచోట పూడ్చండి, తగలబెట్టకండి, దాని పొగ కూడా మంచిది కాదు. కోసినవాళ్ళు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. మిగతా మొక్కల ఆకూ పుల్లా సన్నగా నరికి మల్లె పాదులోనే నాలుగు వేళ్ళ మందాన పరవండి, మొదలుకు జానెడు దూరం వదిలి. ఈ ఎండల్లో రెండు రోజుల నీరు మూడు రోజులు వస్తుంది.